వైరుకు లైసెన్సు ఉంది, గ్యాసుకేదీ?

భిలాయ్ సెక్టర్ 2లో ఏప్రిల్ వచ్చిందంటే డాక్టరైనా దొరుకుతాడు గానీ ఏసీ మెకానిక్ దొరకడు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఫ్యాన్ల కాలం చూశాయి, గడ్డి ప్యాడ్ల కూలర్ల కాలం చూశాయి. ఇప్పుడు ఏసీల వంతు. మెకానిక్‌ను అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత తీసుకుంటావు, ఎప్పుడొస్తావు? ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగరు. చట్టం కూడా సగమే అడుగుతోంది.

ఏసీ బిగించడమంటే రెండు పనులు. ఒకటి కరెంటు, రెండోది గ్యాసు. కరెంటు పనికి 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే షరతు ఉంది. 2010లో, మళ్లీ 2023లో కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా అదే బాటలో నడిచాయి. రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరే, అర్హత పత్రమున్న సూపర్‌వైజర్ కనుసన్నల్లో వైరింగ్ చేయించాలి. బల్బులు, ఫ్యాన్లు, చిన్న గృహోపకరణాలు మార్చుకోవడానికి మినహాయింపు ఉంది, లోడు మారనంతవరకే. టన్నున్నర ఏసీ దాదాపు 20 ఫ్యాన్లంత కరెంటు లాగుతుంది. పాత క్వార్టర్లో ఫ్యానుకు వేసిన తీగకే దాన్ని తగిలించడం ఏ మినహాయింపులోకీ రాదు. అయినా జరుగుతున్నదదే.

గ్యాసు పనికైతే ఆ షరతూ లేదు. ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ కోర్సు రెండేళ్లు నేర్పుతారు. అది చదవనివారు సిలిండర్ భుజాన వేసుకుని వచ్చినా ఆపే నిబంధన లేదు. భిలాయ్ నుంచి వెళ్లి డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి మాత్రం వేరే అనుభవం. టెక్సాస్‌లో ఏసీ కాంట్రాక్టరు కావాలంటే ఏళ్ల అనుభవం, పరీక్ష, బీమా ఉండాలి. లైసెన్సు నంబరు వ్యానుకు రెండు పక్కలా రాసుకోవాలి. ఏసీ గ్యాసును ముట్టుకునే మెకానిక్‌కు సర్టిఫికెట్ 1994 నుంచి అమెరికా అంతటా తప్పనిసరి. అది లేనివారికి దుకాణంలో గ్యాసే అమ్మరు.

ఇన్నాళ్లూ మనకు గడిచిపోయింది కదా అనవచ్చు. పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాసు మండదు కాబట్టి గడిచిపోయింది. పర్యావరణం కోసం ఇప్పుడు వాడుతున్న ఆర్-32 కొద్దిగా మండుతుంది. ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేన్, వంట గ్యాసుకు చుట్టం. గొట్టంలో గ్యాసు మిగిలి ఉండగానే టార్చి వెలిగించే పాత అలవాటు వీటి దగ్గర ప్రాణాంతకం. లీకేజీ చూడటానికి నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ బాంబులా పేలగలదు. ముందు గాయపడేది ఏ బీమా లేని ఆ కుర్రాడే.

కేంద్రం 2019లో ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్, లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ సర్టిఫికెట్ లేకపోయినా పని ఆగనప్పుడు, నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని శిక్షణకు ఎవరు వెళతారు?

లైసెన్సు అనగానే మన దేశంలో లంచం గుర్తుకొస్తుంది. ఆ భయం న్యాయమైనదే. పదో తరగతి పాసవ్వకపోయినా ఇరవయ్యేళ్లుగా చేయి తిరిగిన మెకానిక్‌ను కాగితం లేదని రోడ్డున పడేయడం అన్యాయం. కాబట్టి చదువును కాదు, పనిని పరీక్షించాలి. దగ్గర్లోని ఐటీఐలో ఒకరోజు ప్రాక్టికల్, నామమాత్రపు ఫీజు, ఫొటో ఉన్న కార్డు చాలు. గడువిచ్చి, ఆ తర్వాత కార్డున్నవారికే గ్యాసు అమ్మాలి. తనిఖీ అధికారి ఇంటింటికీ తిరగనక్కర్లేదు, దుకాణం దగ్గర చూస్తే సరిపోతుంది.

అంతవరకూ ఇంటి యజమాని బేరానికి ముందు మూడు సంగతులు అడగాలి. లైను వేసేది లైసెన్సున్నవారేనా? ఏసీలో ఉన్నది ఏ గ్యాసు? నైట్రోజన్, వాక్యూమ్ పంపు తెచ్చావా? ఇవన్నీ తెచ్చే మెకానిక్ నాలుగు వందలు ఎక్కువడిగితే ఇవ్వడంలో తప్పులేదు. ఆ డబ్బు అతని ప్రాణానికీ, మన ఇంటికీ కూడా.