యంత్రం వేసిన మార్కులు

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు తేలింది. మొదటి సంవత్సరం చక్కని మార్కులు తెచ్చుకున్న ఒక బాలికకు తెలుగులో సున్నా వచ్చింది. ఆమె జవాబుపత్రాన్ని మళ్ళీ తెరచి చూస్తే అందులో 99 మార్కులున్నాయి! మూల్యాంకనం చేసినవారు ఓఎమ్మార్ పత్రంలో 99కి బదులు 00 వృత్తాలు నింపారు. యంత్రం కనిపించినదే చదివింది. ఇంత బాగా చదివే అమ్మాయికి సున్నా ఎలా వస్తుందని అడిగే మనిషి ఆ వరుసలో ఎక్కడా లేకపోయాడు. ప్రభుత్వం నియమించిన త్రిసభ్య సంఘం సాఫ్ట్‌వేర్ లోపాలను సైతం ఎత్తిచూపింది. కానీ ఆలోగానే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

అలాగని యంత్రాలను నిందించి ఊరుకోలేము. లక్షలాది పత్రాలను అలసట, పక్షపాతం లేకుండా దిద్దడం వాటికే సాధ్యం. బహుళైచ్ఛిక ప్రశ్నలున్న నీట్ వంటి పరీక్షలు వాటివల్లనే త్వరగా తేలుతున్నాయి. ఉపాధ్యాయునికి మిగిలిన ఆ సమయం వెనుకబడిన పిల్లవానికి దక్కితే అంతకన్నా ఏం కావాలి? (దక్కుతున్నదా అన్నది వేరే ప్రశ్న.) చిక్కంతా యంత్రం చెప్పినదే తుదితీర్పు అనుకోవడంలో ఉంది. 2020లో ఇంగ్లండులో పరీక్షలు రద్దయినప్పుడు ఒక గణనసూత్రం ఉపాధ్యాయులు అంచనా వేసిన ఏ-లెవెల్ గ్రేడ్లలో దాదాపు 40 శాతాన్ని తగ్గించివేసింది. పాఠశాల గత ఫలితాలను బట్టి నేటి విద్యార్థిని తూచింది. వ్యతిరేకత పెల్లుబికి, ఆగస్టు 17న ప్రభుత్వం వెనుకకు తగ్గింది.

దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరహ్‌కు ‘ముతఫ్ఫిఫీన్’ అని పేరు. అంటే కొలతల్లో, తూనికల్లో తగ్గించి ఇచ్చేవారు. వ్యాఖ్యాతలు దీనిని ధాన్యానికే పరిమితం చేయలేదు. పరుల హక్కులో కోతపెట్టే ప్రతి వ్యవహారానికీ అన్వయించారు. ఏడాదిపాటు శ్రమించిన బిడ్డ మార్కు కూడా ఒక హక్కే, దిద్దేవారి చేతిలో అమానతే. తీర్పుదినాన అల్లాహ్ ఎదుట జవాబు చెప్పవలసింది యంత్రం కాదు, దానిని నమ్మి సంతకం చేసిన మనిషి.

ఇక తల్లిదండ్రుల మాట. ఫలితం తారుమారైనట్లు తోస్తే రీకౌంటింగుతో సరిపెట్టుకోకండి. అందులో మార్కుల కూడికను మాత్రమే సరిచూస్తారు. రీవెరిఫికేషనుకు దరఖాస్తు చేస్తే దిద్దిన జవాబుపత్రం నకలు కూడా ఇస్తారు. గడువు కొద్దిరోజులే ఉంటుంది. బంధువులకు ఏం చెప్పాలన్న ఆలోచన పక్కనబెట్టి, ముందుగా బిడ్డ పక్కన కూర్చోండి. ఆ నకలు చేతికి వచ్చేదాకా ఒంటరిగా వదలకండి.