అప్పన్న దాటిన సముద్రము

ఉక్కు కర్మాగారము నుండి పదవీ విరమణ పొందిన కూర్మన్నపాలెం దంపతులు బాలికో, మారిషస్‌కో విహారయాత్రకు బయలుదేరుట నేడు వింత కాదు. ప్రయాణమునకు ముందు ఆలయమున అర్చకులను అడుగు ప్రశ్నలు రెండు. సముద్రము దాటినందుకు దోషమున్నదా? అక్కడ చూడదగిన ఆలయములేవి? మొదటి ప్రశ్నకు శాస్త్రమున సమాధానమున్నది. రెండవది సరిగా అడిగిన ప్రశ్న కాదు.

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనీయములలో చేర్చి, మూడు సంవత్సరముల ప్రాయశ్చిత్తమును విధించినది. అదే సూత్రము దానిని ఉత్తరదేశీయుల ఆచారముగానూ పేర్కొన్నది. అనగా ఆనాడే వెళ్లువారు వెళ్లుచునే ఉన్నారు. తరువాతి కాలమున కలివర్జ్యములు మరింత కఠినమై, ఓడనెక్కిన ద్విజుని ప్రాయశ్చిత్తానంతరము కూడ చేర్చుకొనరాదన్నవి. నిత్యాగ్నులు, సంధ్య, ఆహారనియమము చెడకుండుటయే ఈ నిషేధముల హృదయమని గ్రహించినచో, విమానమున వెళ్లి వారము దినములలో తిరిగివచ్చు గృహస్థునికి భయమక్కరలేదు. అక్కడ సంధ్య వార్చినవాడు, ఇంట కూర్చుండి మానినవాని కంటె మేలు.

కాని ఆ నిషేధమునకు ఒక ఫలితము కలిగినది. దానిని తలచువారు తక్కువ.

1834 నుండి 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరిరి. వారు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ ఓడలలో తెలుగువారును ఉన్నారు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవును బట్టి వారికి కోరంగీలను పేరు వచ్చినది. కూలి ఓడ ఎక్కినాడు. పురోహితుడు చాలవరకు ఒడ్డుననే నిలిచిపోయినాడు. చెరకు తోటల ప్రక్క పాకలలో ఆగమోక్తముగా ప్రతిష్ఠించిన మూర్తి లేదు, మంత్రము చెప్పువాడు లేడు. ఐనను వారు దేవుని విడువలేదు. వారి సంతతి నేటికీ రామభజన చేయును. నడుమ దీపము నిలిపి, దాని చుట్టును తిరుగుచు పాడుదురు. అమ్మోరు పండుగ చేయుదురు. సింహాద్రి అప్పన్న పూజ చేయుదురు.

ఈ పేరు వద్ద ఆగవలెను. సింహాచలమున సంకల్పములో వినబడునది వరాహలక్ష్మీనృసింహ నామము. కోడెదూడను మొక్కుకొని కొండకు తోలుకొనివచ్చిన రైతు పిలుచునది అప్పన్నను. సముద్రము దాటినది ఈ రెండవ పేరు. అప్పడు, అప్పన్న అను పేర్లు ఫ్రెంచి వ్రాతలో రూపము మారి, అక్కడ ఇంటిపేర్లై నిలిచినవి. ఇంట క్రియోల్ మాటలాడు మనుమనికి తెలుగు రాకపోవచ్చును. అతని ఇంటిపేరు మాత్రము సింహగిరిని మరువలేదు. ఉక్కు కర్మాగారము కొరకు ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు చేరిన కుటుంబములకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. ఊరు పోయినవాడు ముందుగా ఏ దేవుని వెంట తెచ్చుకొనునో వారెరుగుదురు.

ఇక్కడినుండి వెళ్లిన కొందరు ఆ పూజను చూచి పెదవి విరుచుట కలదు. మంత్రము లేదు, ఉచ్చారణ సరిగా లేదు, విధి తెలిసిన అర్చకులను పంపి సంస్కరింపవలెనని వారి మాట. సదుద్దేశమే కావచ్చును, ఐనను తొందరపాటు. పాంచరాత్రము కుంభము, మండలము, బింబము, అగ్ని అని ఆరాధనకు నాలుగు స్థానములు చెప్పినది. శిలామూర్తి ఒక్కటియే గతి కాదు. దీపమున దేవతను ఆవాహన చేయుట ఇక్కడి గృహిణులకును తెలిసినదే. పురోహితుడు తోడు రాని లోటును భజనతో పూరించుకొన్నవారికి, ఆ పురోహితుని వంశీకుడు నేడు వెళ్లి తప్పులెన్నుట ఏమి న్యాయము?

వారు కోరినచో సహాయము చేయదగిన చోటు వేరు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. ఆ దేశకాలము ఇక్కడికంటె గంటన్నర వెనుక. సూర్యోదయ తిథి కొన్నిమార్లు మారును. కావున ఇక్కడి పంచాంగమును యథాతథముగా అక్కడ వాడరాదు. చైత్రము రాగా సంకల్పమున వసంత ఋతువనవలెను, బయట శరత్కాలము ప్రవేశించుచుండును. విశాఖ అర్చకుడు శ్రీశైలమునకు ఈశాన్యమని తన స్థలమును చెప్పుకొనును. ఆ ద్వీపమున ఏమని చెప్పవలెను? పండితులు కూర్చుండి తేల్చవలసినవి ఇవి.

గంగా తలావ్‌ను యాత్రికులందరును చూతురు. శివరాత్రికి జనము కాలినడకన చేరు సరస్సది. 1972లో అందులో గంగాజలము కలిపిరి. తప్పక దర్శింపదగినది. కాని ఉత్తరాంధ్ర నుండి వెళ్లువారు ఒక రాత్రిని తెలుగువారి భజనకు కేటాయింపవలెను. సింహాచల చందన ప్రసాదమును వెంట తీసికొనిపోవలెను. దీపము చుట్టూ పెద్దలు పాడునది అనుమతితో వ్రాసికొని రావలెను. మాట తప్పనిపించినను దిద్దక, వినబడినది వినబడినట్లే.