నత్త చెప్పే సాక్ష్యం

చెరువులో చేపలు చచ్చి తేలిన మర్నాడు గాని జలకాలుష్యం మనకు జ్ఞాపకం రాదు. మరణమొక్కటే సాక్ష్యమన్నట్లు ప్రవర్తిస్తున్నాము. ప్రాణం పోవడానికి చాలా ముందే ప్రాణి నడవడి మారుతుంది. ఆ మార్పును మంచినీటి నత్తలో చూడవచ్చునని నా అభిప్రాయం.

గుల్ల కట్టుకొనుటకు నత్తకు కాల్షియం కావాలి. సీసం ఆ కాల్షియం గ్రహణానికి అడ్డుపడుతుంది. లిమ్నియా స్టాగ్నాలిస్ అనే చెరువు నత్త పిల్లలకు లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాముల సీసమున్నా ఎదుగుదల మందగిస్తుంది. రాగి సంగతి పశుపోషకులు పూర్వమే ఎరుగుదురు. కార్జపు జలగ వ్యాధిని అరికట్టేందుకు నత్తలున్న కుంటలలో మైలుతుత్తం చల్లేవారు.

ఇది దేహానికి జరిగే హాని. బుద్ధికి జరిగేది మరింత విచిత్రం. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ లిమ్నియా పైకి వచ్చి శ్వాసరంధ్రం తెరుస్తుంది. తెరచినప్పుడల్లా మెల్లగా పొడిస్తే, మూసుకొని ఉండడం నేర్చుకుంటుంది, జ్ఞాపకముంచుకుంటుంది కూడా! 2012లో వెలువడిన కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధనలో, జింకు, కాడ్మియం కలిసిన నీటిలో ఉంచిన నత్తలకు ఆ జ్ఞాపకం ఏర్పడలేదు. అవి బ్రతికే ఉన్నాయి. కాని శత్రువు వాసనను గుర్తుంచుకోలేని నత్త ఎన్నాళ్ళు బ్రతుకుతుంది?

ప్రకృతి సర్దుకుంటుందిలే అనేవారున్నారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, 1880వ దశకం నుండి వెండి, సీసం గనులు త్రవ్విన కోర్ డలేన్ ప్రాంతపు నత్తలు లోహాలున్న నీటిని పసిగట్టి తప్పుకుంటాయని 2004లో ప్రకటించారు. నిజమే. కాని శుభ్రమైన సరస్సులనుండి తెచ్చిన నత్తలు ఆ నీటిని తప్పుకోలేదు. ఆ తెలివి అబ్బడానికి ఎన్ని తరాలు నశించాయో! మన పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెలసినది 1970వ దశకంలో. దాని వ్యర్థాలు నక్కవాగును చెరచిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడి నత్తలకు నూరేళ్ళ గడువైనా దొరకలేదు.

జంతుశాస్త్ర విద్యార్థులు తరతరాలుగా పైలా నత్తను మైనపు పళ్ళెంలో కోసి అవయవాలు గుర్తించారు. తాకగానే మూతబిగించుకున్న నత్త తిరిగి ఎంతసేపటికి తెరుస్తుందో గడియారం పట్టుకొని చూసినవారెందరు? కళాశాల సంఘం వారు రెండు గాజుతొట్లు ఇప్పించగలిగితే చాలు. ఒకదానిలో మంచి బావినీరు, రెండవదానిలో వాగునీరు పోసి, నత్త ఎంత దూరం ప్రాకినదీ, ఎన్నిమార్లు గట్టెక్కజూచినదీ వ్రాసుకోవచ్చు. వాగునీటిలో లోహాలే కాక మరెన్నో ఉంటాయి గనుక, ఏది ఎంత ఉన్నదో రసాయనశాస్త్ర శాఖవారు తేల్చాలి. ఈ వర్షాకాలం వెళ్ళగానే మొదలుపెడితే వచ్చే సంచికకు లెక్కలు అందుతాయి.