కూలి గొప్పయా, హక్కు గొప్పయా?

నాదెండ్ల మొదలు నరసరావుపేట వరకు నేడు ఏ యరుగు మీద విన్నను పరదేశపు జీతముల ప్రసంగమే. అచ్చట ఎంత దొరకునని యడుగువారే గాని, అచ్చట మనకు ఏ హక్కు గలదని యడుగువారరుదు. ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము. పూర్వము సముద్రము దాటిన తెలుగువారి చరిత్రయే యిందులకు సాక్షి.

19వ శతాబ్దమున మారిషసునకు పోయినవారు ఒడంబడిక కూలీలు. చెరకు తోటలలో వారి స్థితి దాస్యమునకు దగ్గర. అయినను పెక్కండ్రు అచ్చటనే సంసారములు నిలుపుకొనిరి. ఆ శతాబ్దాంతమున చక్కెర ధర పడిపోయి, తోటల యజమానులు భూములను ముక్కలుగా నమ్మగా, భారతీయులు కూడబెట్టిన పైకముతో కొనిరి. 1968లో ఆ దేశము స్వతంత్రము కాగా వారి సంతతి పౌరులైరి. నేడచ్చట ఉగాది ప్రభుత్వపు సెలవుదినము.

బర్మాకు పోయినవారు పేరునకు స్వేచ్ఛాకూలీలు. మేస్త్రీల బాకీలో చిక్కి, ఆలుబిడ్డలను విడిచి, రంగూను రేవున మూటలు మోసిరి. ఇంటికి డబ్బు వచ్చుట నిజమే. కాని కాలూను నేల పెక్కుమందికి లేకపోయెను. 1930 మే నెలలో రేవుపనిని గూర్చిన వైరమున వారి నెత్తురు చిందెను. 1942లో జపాను దండయాత్రకు వెరచి లక్షలకొలది భారతీయులు పారిపోవుచు, ఎందరో కొండదారులలో కూలిరి. 1964లో దుకాణములు జాతీయము కాగా, మిగిలినవారిలో వేలకొలది జనులు రిక్తహస్తములతో మరలివచ్చిరి.

కష్టమున రెండు సంఘములును సమానములే. భేదమంతయు భూమియందును, పౌరసత్వమునందును గలదు. యువకులారా! పొండు, ఆర్జింపుడు, కాని జీతము లెక్కించుటకు ముందు హక్కును విచారింపుడు.