రాగిరేకుకు అందని బాణీ

అన్నమయ్య పదాలు చెక్కిన రాగిరేకులు 1922లో తిరుమల సంకీర్తన భాండాగారం నుంచి వెలుగులోకి వచ్చాయి. రేకు మీద పల్లవి ఉంది, చరణాలున్నాయి, రాగం పేరూ ఉంది. స్వరం మాత్రం లేదు. కడప సీమ తాళ్లపాకలో పుట్టిన ఆ మహానుభావుడు ఏ పదాన్ని ఎలా ఎత్తుకున్నాడో, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో ఇక తెలియదు. ఇవాళ మనం పాడుకుంటున్న బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి పెద్దలు కట్టి ఇచ్చినవి.

కంప్యూటర్ ముందు కూర్చుని పాట కట్టే కుర్రవాళ్లను చూసినప్పుడల్లా ఆ రేకులే గుర్తుకొస్తాయి. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో తీగ వెంట వెళ్లేది ధ్వని కాదు, సూచన. ఏ మెట్టు నొక్కాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదే ఆ సూచన. బలాన్ని కూడా 127 వరకు అంకెల్లోనే చెబుతారు. ఒక్క తీగ మీద 16 చానళ్లు నడుస్తాయి. ఒకదానిలో వేణువు, ఇంకోదానిలో వయొలిన్లు, మరోదానిలో బేస్. 1991లో కుదిరిన జనరల్ మిడి ఒప్పందం ప్రకారం పదో చానల్ తాళవాద్యాలది. మెట్లు లేని చిన్న పెట్టె, సింథసైజర్ మాడ్యూల్, వాటన్నిటినీ చదివి మేళంగా మోగిస్తుంది. ఒక స్వరం తప్పితే దాన్నొక్కదాన్నే దిద్దుకోవచ్చు. శ్రుతి మారకుండా నడక తగ్గించుకోవచ్చు.

ఈ విద్యతో సినిమా పాట తీరునే మార్చిన ఎ.ఆర్. రెహమాన్ కడపకు కొత్తవారు కాదు. అమీన్ పీర్ దర్గాకు, మనం పెద్ద దర్గా అని పిలుచుకునే చోటుకు, భక్తితో వచ్చి వెళుతుంటారు. స్వరకర్త కాకముందు మన సంగీత దర్శకులు రాజ్-కోటి పాటలకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేశారు. 1989లో చెన్నైలో ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నారు. 1992లో ‘రోజా’ వచ్చింది. అందులో కంప్యూటర్ వరసలు పేర్చింది. పాటను మనసుకు హత్తుకునేలా పలికింది గాయకుల గొంతులే.

ఆ తేడా మరిచిపోకూడదు. మిడిలో మెట్టుకో అంకె ఉంటుంది. రెండు మెట్ల నడుమ ఊగే గమకాన్ని పిచ్ బెండ్ చక్రం తిప్పి, ఓపికగా చేత్తో పలికించాలి. క్వాంటైజ్ చేస్తే, అంటే దెబ్బలను కంప్యూటర్ చేత సరిగ్గా లయ గీతల మీదికి జరిపిస్తే, అవన్నీ గీత గీసినట్టు నిలబడతాయి. చెక్కభజనలో గురువు నడకను కాస్త ముందుకు తోసి, గుంపును వెంట లాక్కుపోయే ఊపు ఆ గీతల మధ్య నలిగిపోతుంది.

అందుకే కర్నూలు, కడపల్లోని చిన్న స్టూడియోల పిల్లలకు ఒక విన్నపం. చెక్కభజన, పండరి భజన, కోలాటం, పీర్ల పండగ పాటలు, గొబ్బి పాటలు మన పల్లెల్లో ఇంకా పెద్దవాళ్ల గొంతుల్లో ఉన్నాయి. ముందు ఆ గొంతును ఉన్నదున్నట్టు రికార్డు చేయండి. తర్వాత అదే పాటను భాగాలుగా విడదీసి మిడిలో పెట్టండి: పాట వరస ఒక చానల్లో, తాళాలు ఒకదానిలో, డోలక్ మరోదానిలో. గొంతులో గమకం నిలుస్తుంది. మిడిలో స్వరం, లయ చదువుకునే రూపంలో ఉంటాయి. బడిపిల్ల నడక తగ్గించుకుని, ఒక్కో భాగం విని నేర్చుకోవచ్చు. పాట మొత్తం కలిపినా మిడి ఫైలు సాధారణంగా కొన్ని పదుల కిలోబైట్లు దాటదు.

రాగిరేకులు చెక్కించినవాళ్లు తమకు చేతనైనంతా దాచిపెట్టారు. మాటతో పాటు బాణీనీ, బాణీతో పాటు గొంతునూ దాచే సాధనాలు మన బల్ల మీదే ఉన్నాయి. వచ్చే సంక్రాంతికి గొబ్బి పాట పాడే అవ్వ పక్కన కూర్చోండి. రెండో చరణంలో ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో వినండి. పని అక్కడ మొదలవుతుంది.