బేస్ యాంప్ మారుస్తున్నారా? వాట్స్ కాదు, ముందు ఈ మూడూ చూడండి

ఈసారి ఫోన్ గురించి కాదు. రెండు నెలలుగా నా బుర్ర తినేసిన వేరే గాడ్జెట్ గురించి: బేస్ గిటార్ యాంప్లిఫయర్. ఫోన్ కొనాలంటే తెలుగులో వంద రివ్యూలు ఉంటాయి. దీని గురించి వెతికితే నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. అందుకే నేనే రాస్తున్నా.

పగలు ఉద్యోగం, సాయంత్రం ఆర్కెస్ట్రా. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద గదిలో మా రిహార్సల్స్. అక్కడి నుంచి చీపురుపల్లి, రాజాం, పాలకొండ, శ్రీకాకుళం, ఒక్కోసారి టెక్కలి దాకా ప్రోగ్రామ్‌లు. అమ్మవారి పండగలు, పెళ్లి రిసెప్షన్లు, చర్చి కార్యక్రమాలు, ఏది దొరికితే అది.

మొన్న వేసవిలో రాజాం వైపు ఒక ఊళ్లో పండగ. స్టేజీ మొత్తం జనరేటర్ మీద నడుస్తోంది. మూడో పాటలో ఎవరో సీరియల్ లైట్లన్నీ ఒక్కసారే ఆపేశారు. జనరేటర్ మీద లోడు తగ్గి వోల్టేజ్ ఎగిరింది. నా పాత యాంప్‌లోంచి టప్‌మని చప్పుడు, వెనకాలే కాలిన వాసన. అంతే సంగతులు.

అసలు బాధ అది కాదు. పాట ఆగలేదు. మా కీబోర్డు అన్నయ్య ఎడమ చేత్తో బేస్ అందుకున్నాడు. జనంలో ఒక్కరూ తేడా గమనించలేదు. మర్నాడు రిహార్సల్‌లో మాస్టారు నవ్వుతూనే అన్నారు: "నువ్వున్నా లేకపోయినా బేస్ ఆగలేదు గదరా. ఆ వాటా డబ్బులు జనరేటర్‌కి పెట్టుకుందామా ఏటి?" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు చాలా ఆర్కెస్ట్రాల్లో జరుగుతున్నది ఇదే. ట్రాక్‌లో బేస్ ఉంటుంది, లేదా కీబోర్డులో ఉంటుంది. బేసిస్ట్ సౌండ్ సరిగా రాకపోతే మొదట తీసేసేది అతన్నే. కాబట్టి కొత్త యాంప్ నాకు సరదా కాదు, ఆ స్టేజీ మీద నా చోటు.

నా ఒపీనియన్ ముందే చెప్పేస్తా

మన ఊళ్లలో రిహార్సల్‌కీ, ప్రోగ్రామ్‌కీ ఒకటే యాంప్ వాడే బేసిస్ట్‌కి పెద్ద యాంప్ అక్కర్లేదు. ఒక చేత్తో ఎత్తగలిగే, వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ ఉన్న, 100 వాట్స్ దరిదాపుల్లోని కాంబో చాలు. మిగిలిన డబ్బు కరెంటు రక్షణ మీద పెట్టండి. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తా.

వాట్స్ అంటే మెగాపిక్సెల్సే

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కెమెరా కొనొద్దని మనం ఎన్నిసార్లు చెప్పుకున్నాం? యాంప్‌లో వాట్స్ కూడా అంతే. 100 వాట్స్ నుంచి 200కి వెళ్తే సౌండ్ రెట్టింపు అవుతుందని అనుకుంటాం. నిజానికి పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. సౌండ్ రెట్టింపు అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి పవర్ పది రెట్లు కావాలి.

బాక్సు మీద పెద్ద అక్షరాలతో రాయని నంబర్ ఇంకొకటి ఉంటుంది: స్పీకర్ సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో చెప్పేది ఇదే. 97 ఉన్న స్పీకర్‌కి 200 వాట్స్ ఇస్తే వచ్చే సౌండ్, 100 ఉన్న స్పీకర్‌కి 100 వాట్స్‌తోనే వస్తుంది. వాట్స్ పెంచే ముందు స్పీకర్ ఎలాంటిదో అడగండి.

41 హెర్ట్జ్ కథ

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ ఈ. దాని ఫ్రీక్వెన్సీ సుమారు 41 హెర్ట్జ్. మామూలు గిటార్‌లో లావు తీగ 82 దగ్గర మొదలవుతుంది, అంటే సరిగ్గా ఒక ఆక్టేవ్ పైన. ఐదు తీగల బేస్ అయితే కిందికి ఇంకా దిగి 31 దాకా వెళ్తుంది. అందుకే బేస్‌ని గిటార్ యాంప్‌లో పెట్టి గట్టిగా వాయిస్తే స్పీకర్ చిరిగిపోయే ప్రమాదం. డబ్బు మిగల్చాలని ఆ పని చెయ్యకండి.

"మరి 10, 12 అంగుళాల చిన్న స్పీకర్‌లో 41 హెర్ట్జ్ వస్తుందా?" అని మా డ్రమ్మర్ తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. పూర్తిగా రాదు. కానీ ఒక ప్రయోగం చెయ్యండి. మీ ఫోన్ స్పీకర్‌లో గీతాంజలి సినిమా పాట ఏదైనా పెట్టండి. అంత చిన్న స్పీకర్‌లో 41 హెర్ట్జ్ రావడం అసంభవం. అయినా ఇళయరాజా గారి బేస్ లైన్ ఎటు నడుస్తోందో మీకు తెలుస్తుంది. ఎందుకంటే 41తో పాటు 82, 123, 164 హెర్ట్జ్ హార్మోనిక్స్ కూడా వస్తాయి. అవి వినిపిస్తే అసలు స్వరాన్ని మెదడే నింపుకుంటుంది.

అందుకే స్టేజీ మీద బేస్ నాబ్ తిప్పుకుంటూ పోవడం కంటే మిడ్ నాబ్ కొంచెం పెంచడం మేలు. 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య సౌండ్ స్పష్టంగా ఉంటే డ్రమ్స్, కీబోర్డు మధ్యలోంచి కూడా బేస్ వినిపిస్తుంది. నేను ఇది తెలుసుకోడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదట చూడాల్సింది: సౌండ్ ఎక్కడికి పోతుంది?

పెద్ద యాంప్ మోజు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ తెచ్చింది. 300 వాట్స్, వాల్వులతో చేసింది, హెడ్ ఒక్కటే 35 కిలోల పైన. దాని కింద ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్. అప్పట్లో బేస్‌ని మోసే పీఏ సిస్టమ్‌లు అంతగా లేవు కాబట్టి హాలు మొత్తానికీ యాంపే సౌండ్ ఇవ్వాలి. ఆ కాలానికి అది అవసరం.

ఇప్పుడు మన ఊళ్లలో పరిస్థితి వేరు. మైక్ సెట్ వాళ్లు 18 అంగుళాల డీజే బాక్సులు దింపుతున్నారు. జనానికి సౌండ్ ఇచ్చేది అవే. మీ యాంప్ పని రెండే: వెనక ఉన్న ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ నుంచి మిక్సర్‌కి శుభ్రమైన సిగ్నల్ పంపడం, మీకూ డ్రమ్మర్‌కీ మీ బేస్ వినిపించడం. దీన్నే డీఐ అంటారు. ఇది లేని యాంప్ ఎంత చవకైనా ప్రోగ్రామ్‌లకి కొనొద్దు.

ఒక చిక్కు ఉంది. కొన్ని చోట్ల ఇప్పటికీ హారన్లు, కాలమ్ స్పీకర్లే కడతారు. వాటిలోకి బేస్ పంపినా బయటికి రాదు. అందుకే నేను ప్రోగ్రామ్‌కి ముందు రోజు మైక్ సెట్ అతనికి ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడుగుతా: బేస్ బాక్సులు ఉన్నాయా? మిక్సర్‌లో ఒక ఛానల్ ఖాళీ ఉంటుందా? లైట్లకీ సౌండ్‌కీ లైన్ వేరా? ఈ మూడు జవాబులు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

రెండోది: ఎవరు మోస్తారు?

నా పాత యాంప్ 15 అంగుళాల స్పీకర్‌తో 28 కిలోలు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు డిక్కీలో పెట్టాలంటే ఇద్దరు కావాలి. లగేజీ టికెట్ సంగతి సరేసరి. రాత్రి ఒంటిగంటకి ప్రోగ్రామ్ అయ్యాక శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో దాన్ని పట్టుకుని నిలబడితే ఆటోవాళ్లు కూడా మొహం తిప్పుకునేవారు.

ఇప్పటి యాంప్‌లు తేలికగా ఉండడానికి కారణం క్లాస్ డి టెక్నాలజీ, స్విచింగ్ పవర్ సప్లై. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ల బరువైన అడాప్టర్లకీ ఇప్పటి ఫాస్ట్ చార్జర్లకీ ఉన్న తేడా లాంటిదే ఇది. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, వేడి తక్కువ.

ఫెండర్ రంబుల్ సిరీస్ చూస్తే తెలుస్తుంది. రంబుల్ 40లో 10 అంగుళాల స్పీకర్, బరువు సుమారు 8 కిలోలు. రంబుల్ 100లో 12 అంగుళాలది, సుమారు 10 కిలోలు. రంబుల్ 500లో రెండు 10 అంగుళాల స్పీకర్లు, 16 కిలోల పైచిలుకు. ఇందులో ఒక మెలిక ఉంది. రంబుల్ 500 లోపలి స్పీకర్లతో ఇచ్చేది 350 వాట్సే. పూర్తి 500 రావాలంటే బయట ఇంకో క్యాబినెట్ తగిలించాలి. బాక్సు మీద నంబర్‌ని నమ్మొద్దు అనేది ఇందుకే.

మూడోది: కరెంటు

ఫోన్ రివ్యూల్లో ఎవరూ రాయనిది, మన జిల్లాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. మనకి లైన్ 230 వోల్ట్స్ అని పేరే. పండగ రోజున ఊరి చివర స్టేజీ దగ్గర ఎంత వస్తుందో దేవుడికే తెలియాలి. అమెరికా నుంచి బావో, అన్నయ్యో యాంప్ తెస్తానంటే ముందు వెనక లేబుల్ ఫొటో పెట్టమనండి. 120 వోల్ట్స్ అని మాత్రమే ఉంటే ఇక్కడ ప్లగ్ పెట్టిన క్షణమే అయిపోతుంది.

నేను హై వోల్టేజ్ కట్‌ఆఫ్ ఉన్న చిన్న స్టెబిలైజర్ ఒకటి కొన్నాను. కొత్త యాంప్, అది, రెండూ కలిపినా పాత యాంప్ బరువులో సగమే.

ఇంకొకటి. హమ్ వస్తోందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. ఎర్త్ లేని యాంప్‌లో లోపం వస్తే తీగల మీద చెయ్యి ఉండగా మైకుకి మూతి తగిలినప్పుడు షాక్ కొడుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది. హమ్‌కి మందు ఎక్స్‌ఎల్‌ఆర్ పక్కన ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. అది సిగ్నల్ కేబుల్‌లో గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది. నా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉంటుంది. మైకు జాలీ మీద పెట్టి చూస్తా. వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా గిటార్ ముట్టను.

నేను ఏం కొన్నాను?

1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. వయొలిన్ గురించి అడిగితే చెప్పేవాళ్లు వీధికొకరు ఉంటారు. బేస్ యాంప్‌లు నాలుగు పక్కపక్కన పెట్టి వినాలంటే మాత్రం వైజాగ్ వెళ్లాల్సిందే. నా గిటార్ నేనే పట్టుకెళ్లాను. షాపులో గిటార్‌తో వింటే మోసపోతాం. అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి, ఖాళీ ఈ తీగ, ఏ తీగ మీటి, పన్నెండు అడుగుల దూరంలో నిలబడి విన్నాను. పక్కనే కూర్చుని వింటే ప్రతి యాంపూ బాగానే ఉంటుంది.

40 వేలు అనుకుని బయల్దేరాను, కొంచెం దాటింది. తీసుకున్నది రంబుల్ 100. రంబుల్ 40 గదికి సరిపోతుంది గానీ మా డ్రమ్మర్ చేతికి ఆనదు. 500 నచ్చింది, కానీ ఆ తేడా డబ్బుతో స్టెబిలైజర్, మంచి కేబుల్స్, బ్యాగ్ వచ్చాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పీఏ లేకుండా ఆరుబయట జనానికి వినిపించాలంటే ఇది చాలదు. నా బడ్జెట్‌లో దేనికీ అంత దమ్ము లేదు. మీరు ఎప్పుడూ పీఏ లేకుండానే వాయిస్తే నా సలహా మీకు పనికిరాదు, విడి హెడ్, పెద్ద క్యాబినెట్ చూసుకోండి. అప్పుడు ఓమ్స్ లెక్క మర్చిపోవద్దు: 8 ఓమ్స్ క్యాబినెట్లు రెండు కలిపితే 4 ఓమ్స్ అవుతుంది. మీ హెడ్ అంత దాకా తట్టుకుంటుందో లేదో చూసుకున్నాకే తగిలించండి.

ఇంకో చిట్కా, ఇది ఫ్రీ. యాంప్‌ని నేల మీద పెడితే సౌండ్ మీ మోకాళ్లకి పోతుంది. కుర్చీ మీద పెట్టండి, చెవికి వస్తుంది. చాలామంది వాట్స్ చాలట్లేదు అనుకునేది ఈ కుర్చీ లేకే.

రిజల్ట్

కొత్త యాంప్‌తో మొదటి ప్రోగ్రామ్ బొబ్బిలి దగ్గర. మళ్లీ జనరేటరే. స్టెబిలైజర్ మధ్యలో ఒకసారి టక్‌మని కట్ అయింది. కాసేపు బేస్ లేదు, మళ్లీ వచ్చింది. యాంప్ మాత్రం క్షేమం.

రెండో పాటలో పక్కకి చూశాను. కీబోర్డు అన్నయ్య కొంచెంసేపు నా బేస్ విన్నాడు. తర్వాత ఎడమ చెయ్యి కీబోర్డు మీంచి తీసి, చెమట తుడుచుకున్నాడు. ప్రోగ్రామ్ అయ్యేదాకా ఆ చెయ్యి మళ్లీ కింది కీస్ మీదికి పోలేదు. మాస్టారు డబ్బులు పంచేటప్పుడు నా వాటా నాకు ఇచ్చారు. జనరేటర్ మాట ఎత్తలేదు.