పింఛనుదారు గోప్యత ఎవరికి కవచం?

నవంబరు నెల వచ్చినదంటే పింఛనుదారు తాను జీవించి వున్నట్లు ఋజువు చూపుకొనవలసిన గడువు వచ్చినట్లే. బ్యాంకు మెట్లు ఎక్కలేని వృద్ధులకు 2014లో ప్రవేశపెట్టిన జీవన్ ప్రమాణ్ పద్ధతి కొంత ఊరట నిచ్చిన మాట నిజమే. కాని ఈ లైఫ్ సర్టిఫికెట్టు పేరుతోనే మోసగాండ్రు కూడ ఫోను చేయుచున్నారు. నియామకపు తేదీ, విరమణ తేదీ, పి.పి.ఓ. నంబరు తామే చదివి వినిపించి, నమ్మకము కుదిరిన పిమ్మట ఓ.టి.పి. రాబట్టి, ముప్పది యేండ్ల చాకిరీకి దక్కిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్మును క్షణములో ఊడ్చుకొని పోవుచున్నారు. ఆ వివరములు వీధిలో దొరుకునవి కావు. అవి శాఖల వద్ద, ఖజానాల వద్ద, బ్యాంకుల వద్ద వుండవలసినవి. కనుక గోప్యత కోరు పింఛనుదారును చూచి, ఈ వయసులో దాచుకొనుటకు ఏమున్నదని ఎవరును పరిహసించరాదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవముగా ప్రకటించిన కేసులో పిటిషనరు పుట్టస్వామిగారు కూడ పదవీ విరమణ చేసిన హైకోర్టు న్యాయమూర్తియే.

అయితే ఈ న్యాయమైన భయమును చూపి పాలకులు చేసిన పని వేరు. 2005 నాటి సమాచార హక్కు చట్టము 8(1)(జె) సెక్షను వ్యక్తిగత సమాచారమును గుడ్డిగా మూసిపెట్టలేదు. ప్రజా కార్యకలాపముతో సంబంధము లేనిది, అకారణముగా గోప్యతను భంగపరచునది మాత్రమే నిరాకరింపవచ్చునన్నది. ప్రజాప్రయోజనము అంతకు మించినదైనచో అదియు ఇవ్వవచ్చునన్నది. పార్లమెంటుకు, శాసనసభకు ఇవ్వక తప్పని సమాచారమును పౌరునికి కూడ నిరాకరించరాదన్న నిబంధన దానికి తోడుగా నిలిచినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టములోని 44(3) సెక్షను ఈ తూనికను తొలగించి, వ్యక్తిగత సమాచారమన్న మాటను మాత్రమే మిగిల్చినది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చినది. విచిత్రమేమనగా, పౌరుల వివరములను భద్రపరుపవలసిన సంస్థల ప్రధాన బాధ్యతలకును, 250 కోట్ల రూపాయల వరకు విధింపదగిన జరిమానాలకును అదే ప్రకటనలో 18 నెలల గడువు ఇచ్చిరి. అనగా దస్త్రమునకు తాళము వెంటనే పడినది. దొంగలు చొరబడు కిటికీకి మాత్రము ఏడాదిన్నర వాయిదా లభించినది.

సమాచార హక్కు పుట్టినది విద్యాధికుల సభలలో కాదు. రాజస్థాన్ పల్లెలలో కరువు పనులు చేసిన కూలీలు మస్టరు రోలు చూపుమని అడిగిరి. 1994 చివరి నుండి జరిగిన జన సునవాయీలలో, 1996లో బియావర్‌లో సాగిన ధర్నాలో వారు కోరినది అదియే. ఎవరి పేర ఎంత కూలి వ్రాసిరో పదిమందిలో చదివి వినిపించినప్పుడు, పని చేయనివారి పేరున, చనిపోయినవారి పేరున సొమ్ము తీసిన సంగతి బయటపడినది. పేరు, కూలి రెండును వ్యక్తిగత సమాచారమే కదా! నేటి సవరణ ఆనాడే వుండియున్న యెడల ఆ మస్టరు రోలు బీరువా దాటెడిది కాదు. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులపై గ్రామసభలలో జరిగిన సామాజిక తనిఖీ కూడ ఇట్టి పఠనముపైననే నిలిచినది.

పింఛనుదారుకు కూడ ఇతరుల దస్త్రముతో పని పడును. తనకంటె జూనియరు ఎక్కువ వేతనము పొందినప్పుడు సరిసమానము చేయుమని అడుగవలెనన్నచో ఆ జూనియరు వేతన నిర్ణయపు ఉత్తర్వు కావలెను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయాభిక్ష కాదని, విరమణ తేదీని బట్టి ఒకే వర్గపు పింఛనుదారులను విడదీయరాదని తీర్పు చెప్పినది. ఒకరి లెక్కను మరియొకరి లెక్కతో పోల్చనిదే ఆ వివక్ష ఋజువగుట ఎట్లు? అది పరుల వ్యక్తిగత సమాచారమని గుమాస్తా ఒక్క వాక్యము వ్రాసి పంపిన యెడల తీర్పు కాగితముపైననే వుండును.

హోదా, వేతన స్కేలు, లెక్కకు వచ్చిన సర్వీసు, పింఛను నిర్ణయించిన సూత్రము, దరఖాస్తు ఎవరి బల్లపై ఎన్ని నెలలు పడియున్నది, విరమణ పిమ్మట ఎవరికి పునర్నియామకము లభించినది, ఇవన్నియు ప్రజల ఖజానాకు చెందిన విషయములు. ఇంటి చిరునామా, ఫోను, బ్యాంకు ఖాతా, పి.పి.ఓ. నంబరు, వైద్య నివేదికలు, నామినేషను, కుటుంబ పింఛను పొందు కుమార్తె విడాకుల పత్రము, ఇవి ఎవరికిని అక్కరలేదు. చిక్కు వచ్చునది క్రమశిక్షణ చర్యల విషయములోనే. 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు మెమోలు, షోకాజ్ నోటీసులు, ఆస్తుల వివరములు వ్యక్తిగతమేనని, విస్తృత ప్రజాప్రయోజనము వున్నప్పుడే ఇవ్వదగునని చెప్పినది. ఆలస్యముగా వచ్చినందుకు ఒక అటెండరుకు ఇచ్చిన మెమో అతనిని వృద్ధాప్యములో వెంటాడరాదు. కాని ప్రజాధనమునకు నష్టము కలిగించిన అధికారి విరమణ ఉత్తర్వు చేతికి రాగానే తెర చాటునకు పోవుటను మనము అంగీకరింపజాలము. ఈ రెంటి నడుమ గీత ప్రతి కేసులోను తూచి గీయవలసినదే. ఆ త్రాసునే సవరణ తీసివేసినది.

8(2) సెక్షను మిగిలియున్నది కదా అని ప్రభుత్వము సమాధానము చెప్పుచున్నది. నిజమే, హాని కంటె ప్రజాప్రయోజనము ఎక్కువైనచో సమాచారము ఇయ్యవచ్చునని ఆ సెక్షను అనుమతించును. కాని సమాచారము ఇయ్యని అధికారికి చట్టము విధించు జరిమానా దినమునకు 250 రూపాయలు, మొత్తము 25,000కు మించదు. పొరపాటున వివరము ఇచ్చిన సంస్థకు కోట్లలో జరిమానా భయము చూపినప్పుడు ఏ అధికారి కలము ఏ వైపునకు మొగ్గునో ఊహించుట కష్టము కాదు.

నిజముగా పింఛనుదారులను కాపాడదలచిన వారికి పాత చట్టములోనే ఉపాయము వున్నది. 10వ సెక్షను ప్రకారము ఇవ్వరాని భాగమును కొట్టివేసి మిగిలినది ఇయ్యవచ్చును. ఖాతా నంబరుపై నల్లసిరా పూయుటకు కొత్త చట్టమేల? మూడవ వ్యక్తికి 5 దినములలో నోటీసు పంపి, అభ్యంతరము చెప్పుకొనుటకు 10 దినములు ఇయ్యవలెనని 11వ సెక్షను చెప్పుచున్నది. ఆ నోటీసు ఎన్నడో ఖాళీ చేసిన క్వార్టరుకు గాక ప్రస్తుతపు ఇంటికి చేరునట్లు చూడవలసిన బాధ్యత శాఖలదే.

8(1)(జె)ను పూర్వరూపములో పునరుద్ధరింపవలెనని మనము కోరుచున్నాము. అంతవరకు మన సంఘముల కార్యదర్శులు పంపు ప్రతి దరఖాస్తులోను 8(2) సెక్షనును ఉదహరించి, ప్రజాప్రయోజనమేమో రెండు వాక్యములలో వ్రాసి, వ్యక్తిగత భాగములను 10వ సెక్షను క్రింద తొలగించి మిగిలినది ఇయ్యుడని కోరవలెను. నిరాకరణ వచ్చినచో అప్పీలుకు వెళ్లుడు. నిరాకరణ న్యాయమైనదని ఋజువు చేయవలసిన భారము 19(5) సెక్షను ప్రకారము అధికారిపైననే వున్నది.